నవలలు రాసేవాళ్లు సాటి రచయిత నవలను సమీక్షించవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీవి రెండు నవలలు అచ్చయ్యాయి. ఒక పత్రిక మీ తోటి రచయిత కొత్త నవల పంపి ఎనిమిది వందల మాటల్లో సమీక్ష రాసిమ్మంది. సగం చదివేసరికి మీకు నచ్చలేదు. నచ్చలేదని రాస్తే కుళ్లు అంటారు, బాగుందని రాయడానికి మనసొప్పదు. అసలు నవలలు రాసేవాళ్లకు ఇంకొకరి నవల మీద తీర్పు చెప్పే హక్కు ఉందా అని అడిగారు.

ఉంది. రాయండి. కాకపోతే సగం పుస్తకం మీద ఏర్పడిన అభిప్రాయాన్ని పక్కన పెట్టి, మొత్తం పూర్తిచేసి, వారం పది రోజులు దాని జోలికి పోకుండా ఉండి, రెండోసారి చదివాక రాయండి. రెండోసారి చదివే ఓపిక లేకపోతే పుస్తకం తిప్పి పంపేయండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇక నచ్చకపోవడం సంగతి. ఎందుకు నచ్చలేదో చెప్పమంటే "నేనైతే ఇలా రాయను" అన్నది తప్ప ఇంకో కారణం దొరకడం లేదనుకోండి, అప్పుడు ఆ ఇబ్బంది మీది, పుస్తకానిది కాదు. ఈ ఒక్క ముక్క తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది.

నేను ఐదు నవలలు రాశాను. ఇరవై ఏళ్లలో డెబ్బై దాకా సమీక్షలు రాసుంటాను. వాటిలో ఓ పదింటిని ఇప్పుడు తీసి ఎవరికైనా చూపించాలంటే మొహం చెల్లదు. మీకు చెప్పేవన్నీ ఆ పదింటి నుంచి నేర్చుకున్నవే.

దర్జీ ఎదుటి మనిషి మొహం కంటే ముందు చొక్కా కాలరు చూస్తాడు. మన జబ్బూ అదే. మామూలు పాఠకుడు నవల తెరిస్తే మనుషులు కనిపిస్తారు, మనకు కుట్లు కనిపిస్తాయి. ఈ పాత్రను ఇక్కడ ఎందుకు ప్రవేశపెట్టారో, నాలుగో అధ్యాయంలో తాళంచెవి చూపించారంటే పదిహేనో అధ్యాయంలో ఏ తలుపు తెరవబోతున్నారో ముందే పసిగడతాం. ఇంతవరకు ఫర్వాలేదు, అది మన బలం కూడా. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. చదువుతూ చదువుతూనే ఆ కుట్లు విప్పి మన కొలతలకు మళ్లీ కుట్టేస్తాం. చివరికి మనం కుట్టిన చొక్కా బాగుందనీ, అచ్చయినది బాగాలేదనీ సమీక్ష రాస్తాం. అలా రాస్తున్నామని ఆ క్షణంలో మనకే తెలియదు.

నాకు జరిగింది చెప్తాను. చాలా ఏళ్ల క్రితం ఒకాయన మొదటి నవల నాకు సమీక్షకు వచ్చింది. అందులో ఒక తల్లి, ఇల్లొదిలి వెళ్లిపోయిన కొడుక్కి ఉత్తరం రాస్తుంది. కథంతా ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నట్టే సాగుతుంది. ఉత్తరం చేరుతుంది. కొడుకు విప్పడు. చొక్కా జేబులో పెట్టుకుంటాడు. మర్నాడు ఆ చొక్కా ఉతుక్కి వెళ్తుంది. జేబులోంచి తడి ఉండ ఒకటి బయటికి వస్తుంది. దాన్ని కిటికీ అంచు మీద ఆరబెట్టి, గట్టిపడ్డాక పెట్టెలో దాచుకుంటాడు. అంతే, తల్లి ఏం రాసిందో మనకు ఎప్పటికీ తెలియదు.

సరిగ్గా ఆ రోజుల్లో నేను నా మూడో నవల రాస్తున్నాను. అందులోనూ ఒక ఉత్తరం ఉంది. నాలుగు నెలలుగా ఆ ఉత్తరంతోనే కుస్తీ పడుతున్నాను, ఏ చిత్తుప్రతీ కుదరడం లేదు. అలాంటి సమయంలో ఈయన ఉత్తరం రాయకుండానే గట్టెక్కేశాడని నాకు ఒళ్లు మండింది. ఆ మంట నాకు కోపంగా కనిపించలేదు, విమర్శనా దృష్టిలా కనిపించింది. "కీలకమైన సన్నివేశం దగ్గర రచయిత చేతులెత్తేశారు" అని రాశాను. పత్రికవాళ్లు ఆ వాక్యాన్నే పెద్దక్షరాల్లో వేశారు.

రెండేళ్ల తర్వాత వేరే పని మీద ఆ నవల మళ్లీ తిరగేశాను. మొదటి అధ్యాయంలో తండ్రి చివరి మాట రైలు చప్పుడులో కలిసిపోతుంది. మధ్యలో చెల్లెలు ఫోన్ చేస్తే అసలు మాట దగ్గర లైను తెగుతుంది. ఆ తర్వాత ఈ ఉత్తరం ఉండ. మూడుసార్లు! ఆ ఇంట్లో ఒకరి మాట ఇంకొకరికి చేరదన్నదే ఆ నవల. ఉత్తరంలో ఏముందో చెప్పి ఉంటే ఆ పుస్తకం అక్కడే కూలిపోయేది. నేను పట్టపగలు పప్పులో కాలేశాను. ఆ తర్వాత ఒక సభలో ఆయన ఎదురయ్యారు. నేను నసుగుతూ ఏదో అనబోతే నవ్వి, "మీరు నా దగ్గర అడిగిన ఉత్తరం మీ నవల్లో చదివానండీ, బాగుంది" అన్నారు. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపట్టేది.

అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. పెన్సిల్ పట్టుకుని చదువుతాను. బాగున్నచోట మార్జిన్‌లో గీత. ఎక్కడైనా తిరగరాయాలని చెయ్యి దురద పెడితే అక్కడ 'నే' అని చిన్న అక్షరం, అంటే 'నేనైతే'. మొదటిసారి చదివినప్పుడు వీటి గురించి ఆలోచించను, పెట్టుకుంటూ పోతాను. రెండోసారి ఒక్కో 'నే' దగ్గర ఆగి అడుగుతాను: నేను రాయని పద్ధతి అని గుర్తు పెట్టానా, లేక ఈ పుస్తకం తను పెట్టుకున్న పద్ధతిని తనే తప్పిందనా? ఒక 340 పేజీల నవలకు మొదటి విడత 61 'నే'లు పడ్డాయి. రెండో విడతలో నిలబడ్డవి తొమ్మిది. ఆ తొమ్మిదిలో సమీక్షకు ఎక్కినవి మూడు.

అమెరికన్ నవలా రచయిత జాన్ అప్‌డైక్ దశాబ్దాల పాటు పుస్తక సమీక్షలు రాశాడు. తన పద్ధతులు కొన్నింటిని 1975లో వచ్చిన వ్యాస సంపుటిలో నియమాలుగా పెట్టాడు. మొదటిది, రచయిత ఏం చేయదలుచుకున్నాడో తెలుసుకో, అతను తలపెట్టని పని చేయలేదని తప్పుపట్టకు అని. వినడానికి తేలికగా ఉంటుంది గానీ, రచయిత ఏం తలపెట్టాడో మనకెలా తెలుస్తుంది? అట్ట వెనక మాటలు నమ్మడానికి లేదు, ముందుమాట అంతకన్నా నమ్మడానికి లేదు. నా లెక్కలో మొదటి ముప్పై పేజీలే ఆ ఒప్పందం. కథ ఎవరు చెప్తున్నారు, వాళ్లకు ఎంత తెలుసు, కాలం ఎంత వేగంగా నడుస్తోంది, హాస్యానికి చోటుందా, ఇవన్నీ అక్కడ తేలిపోతాయి. ఆ తర్వాత ఆ ఒప్పందాన్ని పుస్తకమే ఎక్కడ మీరిందో చూడాలి.

ఉదాహరణకు పదేళ్ల పాప ఉత్తమ పురుషలో చెప్తున్న నవల ఒకటి చదివాను. నూటపాతిక పేజీల దాకా పాప చూపు పాప చూపే. పెద్దవాళ్ల నడుముల దాకా, బల్లల కింద దాకా కనిపించే లోకం. ఉన్నట్టుండి ఒకచోట "నాన్నది అచ్చమైన ఆత్మవంచన" అంటుంది పాప. ఇది నా అభిరుచికి సంబంధించిన సంగతి కాదు. రచయిత్రి పాపను పక్కకి నెట్టి తనే మాట్లాడేశారు. దీన్ని ధైర్యంగా రాయవచ్చు, రాశాను కూడా. అదే నవల నెమ్మదిగా నడుస్తోందన్నది మాత్రం రాయలేదు. మొదటి పేజీ నుంచీ అది నెమ్మదిగానే నడుస్తోంది. నెమ్మది నాకు పడదు, అంతే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్నిసార్లు రచయిత తలపెట్టిందే మరీ చిన్నదిగా ఉంటుంది, దాన్ని చక్కగా సాధిస్తారు కూడా. అప్పుడేం చేయాలి? చక్కగా సాధించారని చెప్పి, ఆ తర్వాత విడిగా, ఇది నా అభిప్రాయమని తెలిసేలా, ఇంకా పెద్ద సాహసానికి చోటుందని అంటే సరిపోతుంది. రెండూ కలిపి ఒకే వాక్యంలో కుక్కితే సాధించింది కూడా వైఫల్యంలా వినిపిస్తుంది.

మీకు అసూయ గురించి బెంగగా ఉంది. నిజం చెప్పాలంటే నా అనుభవంలో అసూయ కన్నా జాలి ఎక్కువ చెరుపు చేసింది. నవల రాయడం ఎంత చాకిరీనో మనకు తెలుసు. మూడేళ్లు కూర్చుని రాసుంటారు పాపం, ఎందుకు నొప్పించడం అనిపిస్తుంది. ఇక వాక్యాలు వాటంతట అవే పడిపోతాయి: "ఆసాంతం చదివిస్తుంది", "శైలి హృద్యంగా ఉంది", "అచ్చుతప్పులు లేకుంటే మరింత బాగుండేది", "ఈ రచయిత కలం నుంచి మరిన్ని రచనలు రావాలని ఆశిద్దాం". పాము చావదు, కర్ర విరగదు. ఒకసారి ఒక పాఠకుడు నాకు కార్డు రాశాడు. "మీ సమీక్షలోని మూడో పేరా కిందటేడు ఇంకో పుస్తకానికి కూడా రాశారు, గమనించారా?" అని. తీసి చూశాను. మాటకు మాట కాకపోయినా అతనన్నది నిజమే. రెండు పుస్తకాలకూ ఏ పోలికా లేదు. పుస్తకం మారినా చెల్లుబాటయ్యే వాక్యం సమీక్షలో ఉండటం దండగ. ఇప్పుడు పై నాలుగు మాటల్లో ఏదైనా నా చేతి నుంచి పడితే, ఆ పుస్తకం గురించి నాకు చెప్పడానికి ఏమీ లేదని గుర్తుపట్టి కాగితం పక్కన పెట్టేస్తాను.

ఈ జాలి ఎక్కడ్నుంచి వస్తుందంటే, సమీక్ష రచయిత కోసం రాస్తున్నామని లోలోపల అనుకోవడం నుంచి. ఇంగ్లీషు నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1939లో ఈ విషయం మీదే ఒక చిన్న పుస్తకం వేసింది. పత్రికల్లో వచ్చే సమీక్షలు రచయితకూ ఉపయోగపడవు, పాఠకుడికీ ఉపయోగపడవు, కాబట్టి ఎత్తేయండి అంది. రచయితకు సలహా కావాలంటే డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు ఫీజు ఇచ్చి సమీక్షకుణ్ణి ఏకాంతంగా కలవాలట. ఆ పుస్తకం వేసింది వుల్ఫ్ దంపతులు స్థాపించిన ప్రచురణ సంస్థే. అయినా భర్త లెనార్డ్ అదే పుస్తకం చివర తన అభ్యంతరం చేర్చి అచ్చువేయించాడు. సమీక్ష ఉన్నది రచయితను బాగుచేయడానికి కాదు, పుస్తకం ఎలాంటిదో పాఠకుడికి చెప్పడానికి అన్నది ఆయన వైపు వాదన. నేను లెనార్డ్ పక్షం. ఆ డాక్టరు ఆలోచన మాత్రం నాకు మహా ఇష్టం. రచయితకు చెప్పాల్సినవి ఏమైనా ఉంటే ఉత్తరం రాస్తాను, అడిగితేనే. సమీక్షలో రాసేది పుస్తకం ఇంకా చదవని మనిషికి.

ముందుమాటకూ సమీక్షకూ తేడా కూడా ఇదే. ముందుమాట రాసేవాళ్లు రచయిత పిలిస్తే వచ్చిన అతిథులు. చలం 1940లో శ్రీశ్రీ 'మహాప్రస్థానం' కవితలకు 'యోగ్యతాపత్రం' అనే ముందుమాట రాసినప్పుడు, ఇదంతా నా గొడవ, ఇష్టం లేనివాళ్లు పేజీలు తిప్పేసి అసలు పుస్తకంలోకి వెళ్లిపోండి అనే ధోరణిలోనే మొదలుపెట్టాడు. పదేళ్లకు పుస్తకం అచ్చయినప్పుడు దానితోపాటే అదీ వచ్చింది. చలానికి ఆ స్వేచ్ఛ ఉంది, పక్కనే కవితలున్నాయి. సమీక్ష చదివేవాడి చేతిలో పుస్తకం ఉండదు. మన గొడవ మనం చెప్పుకుంటే అతనికి తిప్పేయడానికి పేజీలు లేవు. మనవాళ్లు రాసే సమీక్షల్లో సగం, ఆలస్యంగా వచ్చిన ముందుమాటలే.

మొహమాటాల సంగతి క్లుప్తంగా. మీకు ముందుమాట రాసినవాళ్ల పుస్తకం, ఈమధ్య మీ పుస్తకాన్ని సమీక్షించినవాళ్ల పుస్తకం (మెచ్చుకున్నా, ఉతికేసినా), మీతోపాటు అదే బహుమతి పోటీలో ఉన్న పుస్తకం తీసుకోవద్దు. పరిచయం ఉన్నంత మాత్రాన మానక్కర్లేదు. సాహిత్య లోకం చిన్నది, పరిచయస్థులందర్నీ వదిలేస్తే సమీక్షించడానికి ఎవరూ మిగలరు. పరిచయం ఫర్వాలేదు, బాకీ ఉండకూడదు. సందేహంగా ఉంటే ఎడిటర్‌కు ముందే చెప్పేయండి. ఆయన సరేనంటే సమీక్షలోనే ఒక వాక్యంలో ఆ సంగతి రాయండి. మీరు చెప్తే అది సమాచారం, తర్వాత ఇంకొకరు బయటపెడితే రచ్చ.

ఇక లోపం రాయాల్సి వస్తే ఎలా రాయాలి? పుస్తకంలోని వాక్యాన్ని చూపించి రాయండి. అయితే అన్నింటికన్నా నీరసంగా ఉన్న వాక్యాన్ని ఏరుకొచ్చి పెట్టడం అన్యాయం. మూడొందల పేజీల్లో అలాంటిది ఎవరికైనా దొరుకుతుంది, నా పుస్తకాల్లో పేజీకొకటి దొరుకుతుంది. రచయిత ప్రాణం పెట్టి రాసిన చోటు నుంచి తీసుకోండి. అక్కడ కూడా వాక్యం నిలబడకపోతే పాఠకుడికి మీరు విడమరిచి చెప్పాల్సిన పనే ఉండదు, తనే చూస్తాడు. అలాగే అదే చోటు నుంచి వెలిగే వాక్యం దొరికితే మీ అభిప్రాయమే మారిపోవచ్చు. నాకు రెండుసార్లు మారింది.

కథాసంగ్రహం నాలుగో వంతు దాటనివ్వకండి. ముగింపు చెప్పకండి. మరి లోపం ముగింపులోనే ఉంటే? జరిగిందేమిటో చెప్పకుండా, పుస్తకం ఏ ప్రశ్న లేవనెత్తిందో చెప్పి, ముగింపు ఆ ప్రశ్నను కాకుండా ఇంకోదాన్ని తీర్చి పంపించేసిందని రాయవచ్చు. ఒక నవలకు నేను ఇలా రాశాను: "ఈ అన్నదమ్ములు ఎందుకు మాట్లాడుకోవడం లేదని 280 పేజీలు మనల్ని అడిగిస్తారు, చివరి ఇరవై పేజీల్లో ఆస్తి ఎవరికి దక్కిందో చెప్తారు." ఎవరికి దక్కిందో నేను చెప్పలేదు చూడండి.

ఒక చిన్న విషయం, కానీ నన్ను బాగా అల్లరిపాలు చేసింది. ఒక సమీక్షలో ముఖ్య పాత్ర పేరు మొదటి నుంచి చివరిదాకా తప్పు రాశాను. అక్క పేరు చెల్లెలికి పెట్టాను. పుస్తకం మూసేసి జ్ఞాపకం మీద రాయడం వల్ల వచ్చిన తిప్పలు. తర్వాతి సంచికలో పత్రిక సవరణ వేసింది. నేనెత్తి చూపిన లోపాలు నాలుగూ సరైనవేనని ఇప్పటికీ నమ్ముతాను గానీ వాటిని ఎవరూ పట్టించుకోలేదు. పేరే సరిగ్గా చదవని మనిషి శిల్పం గురించి మాట్లాడుతున్నాడా అన్నారు. న్యాయమే. ఇప్పుడు ప్రతి పేరు, ప్రతి పేజీ నంబరు, ప్రతి ఉటంకింపు పుస్తకం తెరిచి పెట్టుకుని సరిచూస్తాను.

మీరు అడగలేదు గానీ ఇంకొకటి. ప్రస్తుతం మీరు నవల రాస్తూ ఉంటే, దానికి దగ్గరగా ఉన్న కథావస్తువుతో వచ్చిన పుస్తకం సమీక్షకు తీసుకోకండి. ఉత్తరం గొడవ ఎలాగూ చెప్పాను. అది కాక గొంతు అంటుకుంటుంది. పొట్టి పొట్టి వాక్యాలతో రాసిన నవలొకటి రెండుసార్లు చదివిన నెలలో నా చిత్తుప్రతిలో మూడు పేజీలు పొట్టి పొట్టిగా తయారయ్యాయి. నా భార్య చదివి "ఏమైంది, ఆయాసమా?" అంది.

సమీక్ష అచ్చయ్యాక ఆ రచయిత ఫోన్ చేయవచ్చు. వినండి, వాదించకండి, సంజాయిషీ ఇవ్వకండి. మీరు చెప్పాలనుకున్నది కాగితం మీద ఉంది. నిజంగా తప్పు రాసి ఉంటే మాత్రం ఒప్పుకుని సవరణ వేయించండి. అచ్చుకు ముందు మాత్రం ఆయనకు చూపించవద్దు, ఎంత దగ్గరివాళ్లైనా సరే.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పుస్తకం. సగంలో ఆగారన్నారు. ఆగిన పేజీ నంబరు అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో రాసుకోండి. రెండోసారి చదివేటప్పుడు అదే పేజీ దగ్గర మళ్లీ విసుగొస్తే, దానికి ముందున్న ఇరవై పేజీలు జాగ్రత్తగా చూడండి. ఏదైనా తెగి ఉంటే సాధారణంగా అక్కడే తెగి ఉంటుంది, విసుగు కాస్త ఆలస్యంగా వస్తుంది. విసుగు రాకుండా ఆ పేజీ దాటిపోయారంటే, ఆ రోజు మీరు అలిసిపోయి ఉన్నారు, లేదా మీ రెండో నవలకు వచ్చిన సమీక్ష అప్పుడే చదివి ఉన్నారు. ఈలోగా ఎడిటర్‌కు ఫోన్ చేసి ఇంకో మూడు వారాలు అడగండి. పుస్తకం రెండుసార్లు చదవాలి అని కారణం చెప్పండి. నాకు ఇంతవరకు ఏ ఎడిటరూ కాదనలేదు.